అడవి ఆర్కిడ్‌లకు యూవీ ఫోటోలు: బెజవాడ, గుంటూరు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

బెజవాడ, గుంటూరు చుట్టుపక్కల పక్షుల కోసం, సీతాకోకచిలుకల కోసం కెమెరా భుజాన వేసుకుని తిరిగేవాళ్లలో కొందరికి ఈమధ్య అతినీలలోహిత కాంతి మీద, అంటే యూవీ మీద, మనసు పోతోంది. అడిగే సందేహాలు మాత్రం ఎప్పుడూ అవే. ప్రతిసారీ ఫోన్లో చెప్పే బదులు ఒకచోట రాసిపెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## మొదలుపెట్టక ముందు

యూవీ ఫోటో అంటే చీకట్లో పువ్వు నీలంగా, ఎర్రగా మెరిసిపోయే ఫోటోనేనా?

కాదు. గందరగోళమంతా ఇక్కడే మొదలవుతుంది.

ఇందులో రెండు పనులున్నాయి. మొదటిది యూవీ ప్రతిఫలనం. పువ్వు మీద పడిన యూవీలో కొంత పువ్వు పీల్చుకుంటుంది, కొంత వెనక్కి పంపుతుంది. కెమెరాలోకి మామూలు వెలుగు రాకుండా ఆపి, ఆ వెనక్కి వచ్చిన యూవీని మాత్రమే పట్టుకుంటాం. పట్టపగలు ఎండలో చేసే పని ఇది. రెండోది యూవీ వల్ల పుట్టే మెరుపు, అంటే ఫ్లోరసెన్స్. చీకట్లో యూవీ టార్చి వేస్తే పుప్పొడి, ఆకులోని పత్రహరితం లాంటివి ఆ శక్తిని పీల్చుకుని, మన కంటికి కనిపించే రంగుల్లో వదిలేస్తాయి. పత్రహరితమైతే ఎర్రగా మెరుస్తుంది. దీనికి మామూలు కెమెరా, మామూలు లెన్స్ చాలు.

చూడ్డానికి రెండోదే ఆకర్షణగా ఉంటుంది, లైకులు కూడా దానికే ఎక్కువ. కానీ పువ్వుకీ పురుగుకీ మధ్య పగటిపూట నడిచే వ్యవహారం తెలియాలంటే కావలసింది మొదటిది. మెరుపు ఫోటో పెట్టి "తేనెటీగకు పువ్వు ఇలా కనిపిస్తుంది" అని కింద రాస్తే అది తప్పు సమాచారం.

పోనీ ప్రతిఫలనం ఫోటోలో ఉన్నది తేనెటీగ చూసేదేనా?

అదీ పూర్తిగా కాదు. తేనెటీగ కంట్లో మూడు రకాల రంగు గ్రాహకాలున్నాయి: యూవీకి ఒకటి, నీలానికి ఒకటి, ఆకుపచ్చకి ఒకటి. ఎరుపు దానికి కనపడదు. మన యూవీ ఫోటో ఆ మూడింటిలో ఒక్కదాని కథే చెబుతుంది. పైగా తేనెటీగ చూపు మన చూపంత నిశితం కాదు, మనం తీసే క్లోజప్‌లోని సన్నగీతలు దానికి బాగా దగ్గరికొస్తే గానీ తెలియవు. "ఈ పువ్వులో ఫలానా భాగం యూవీని పీల్చుకుంటోంది, ఫలానాది వెనక్కి పంపుతోంది" అని రాయండి. అక్కడితో ఆగడం మంచిది.

మన వైపు అడవి ఆర్కిడ్‌లు ఎక్కడున్నాయండీ? అరకు వెళ్లాల్సిందే కదా?

అరకు, పాడేరు వైపు రకాలు ఎక్కువ, నిజమే. అలాగని మన మైదానాలు ఖాళీగా ఏమీ లేవు. అన్నిటికంటే తేలిగ్గా పట్టుబడేది వాండా టెసెల్లాటా. మామిడి, చింత, వేప లాంటి ముదురు చెట్ల బెరడు పట్టుకుని, లావుపాటి వేళ్లు గాలిలోకి వేలాడేస్తూ ఉంటుంది. పువ్వు నాలుగైదు సెంటీమీటర్ల వెడల్పు. పసుపు, ఆకుపచ్చ కలిసిన రేకుల మీద గోధుమరంగు గళ్లు, మధ్యలో ఊదారంగు పెదవి (మిగతావాటికంటే వేరుగా ఉండే ఒక రేకు), మంచి వాసన. సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ 1795లోనే దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. అంటే ఇది మన కోస్తా పువ్వే. తోటల్లో దీన్ని కూడా బదనికే అనుకుని పీకేస్తుంటారు. ఇది చెట్టు రసం పీల్చదు, బెరడును ఆసరాగా మాత్రమే వాడుకుంటుంది. ఈ సంగతి తోట యజమానికి చెప్పగలిగితే మీ ఫోటో కంటే అదే పెద్ద పని.

చలికాలంలో తడి పచ్చికలో, గట్ల మీద జ్యుక్సిన్ స్ట్రాట్యుమాటికా అనే బుల్లి ఆర్కిడ్ మొలుస్తుంది. గడ్డిపోచ అనుకుని దాటిపోతాం. వానలు మొదలయ్యాక నల్లమల వైపు వెళితే నేలమీద పెరిగే హెబనేరియాలు కూడా చూడొచ్చు.

ఆర్కిడ్‌లలో యూవీ గుర్తులు పొద్దుతిరుగుడులో లాగా కొట్టొచ్చినట్టు ఉంటాయా?

అంత ఆశ పెట్టుకోకండి. పొద్దుతిరుగుడు రేకుల కొసలు యూవీలో తెల్లగా, మొదళ్లు నల్లగా వచ్చి నడుమ పెద్ద నల్లచక్రం కనిపిస్తుంది. ఆర్కిడ్‌లలో తేడాలు సాధారణంగా ఇంతకంటే సున్నితం: పెదవి మీద ఒక మచ్చ, అంచులో ఒక మెరుపు, ఒక్కోసారి పువ్వంతా ఒకే నలుపు. తెల్లపూలలో చాలావరకు యూవీని పీల్చుకునేవే, కాబట్టి మన కంటికి తెల్లగా ఉన్న పువ్వు ఫోటోలో నల్లగా వస్తే కెమెరా చెడిపోయిందని టెన్షన్ పడకండి.

నన్నడిగితే ఆర్కిడ్‌లలో ఆసక్తి పుట్టించే విషయం వేరే ఉంది. వీటిలో సుమారు మూడోవంతు జాతులు వచ్చిన పురుగుకి తేనె గానీ మరేదీ గానీ ఇవ్వవు. ఏదో దొరుకుతుందని నమ్మించి పంపేస్తాయి. ఆ నమ్మించడంలో యూవీ పాత్ర ఎంత అనేది ఒక్కో జాతికి విడిగా చూడాల్సిన విషయం. మన ప్రాంతపు జాతులకు మంచి ఫోటోలు ఉంటే ఆ పని మొదలవుతుంది. "ఏమీ కనపడలేదు" అని తేలిన ఫోటో కూడా దాచండి.

ఫారెస్ట్ వాళ్ల పర్మిషన్ కావాలా?

కొండపల్లి, నల్లమల లాంటి రిజర్వు అడవుల్లోకి వెళ్లాలంటే కావాలి. డివిజనల్ ఫారెస్ట్ ఆఫీసర్ పేరున ముందే అర్జీ పెట్టుకోండి. ట్రైపాడ్, లైట్లు తెస్తున్నామని అందులోనే రాయండి. గేటు దగ్గర సామాను చూసి సినిమా షూటింగ్ అనుకునే అవకాశం ఉంది. టైగర్ రిజర్వు భాగంలో నిబంధనలు ఇంకా గట్టిగా ఉంటాయి. ప్రైవేటు తోటల్లో యజమానిని అడిగితే చాలు. మొదటి ఏడాది తోటల్లోనే గడపండని నా సలహా.

## సామాను

నా లెన్స్‌కి ముందే యూవీ ఫిల్టర్ బిగించి ఉంది. అది చాలదా?

అది తీసేయాలి. షాపుల్లో యూవీ ఫిల్టర్ పేరుతో అమ్మేది యూవీని ఆపే అద్దం. మనకి కావలసింది దానికి సరిగ్గా వ్యతిరేకం: యూవీని మాత్రమే పోనిచ్చి మిగతా వెలుగంతా ఆపేది. కంటికి అది నల్లటి రాయిలా ఉంటుంది, అవతల ఏమీ కనపడదు. కొట్లో "యూవీ ఫిల్టర్ ఇవ్వండి" అంటే మొదటిదే చేతిలో పెడతారు.

ఫోన్‌తో తీయొచ్చా?

ప్రతిఫలనం తీయలేం. మెరుపు ఫోటోలైతే నైట్ మోడ్‌లో, ఫోన్ కదలకుండా నిలబెట్టి తీయొచ్చు.

కెమెరాని కన్వర్ట్ చేయించాల్సిందేనా? వారంటీ పోతుందేమో?

పోతుంది. అందుకే కొత్త కెమెరా జోలికి పోకుండా పాత మిర్రర్‌లెస్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొనండి. సెన్సర్ ముందు యూవీని, ఇన్‌ఫ్రారెడ్‌ని (ఎరుపుకి అవతల ఉండే, కంటికి కనపడని కాంతిని) ఆపే ఒక పల్చటి గాజుపలక ఉంటుంది. దాన్ని తీసి, యూవీని పోనిచ్చే క్వార్ట్జ్ లాంటి పలక పెడతారు. దీన్నే ఫుల్ స్పెక్ట్రమ్ కన్వర్షన్ అంటారు. నికాన్ డీ70, డీ40 లాంటి కొన్ని పాత మోడళ్లలో ఆ పలక బలహీనం, కన్వర్ట్ చేయకుండానే కొంత యూవీ పడుతుంది. కాకపోతే ఎక్స్‌పోజర్ చాలా ఎక్కువసేపు ఇవ్వాలి.

యూట్యూబ్ చూసి ఇంట్లోనే విప్పుదామనుకునే వాళ్లకి ఒక్క మాట. లోపల ఫ్లాష్ ఉన్న కెమెరాలో బ్యాటరీ తీసేసినా కెపాసిటర్‌లో వందల వోల్టుల ఛార్జి నిలిచి ఉంటుంది. అది కొట్టే షాక్ ప్రమాదకరం. కెమెరా కన్వర్షన్ పని తెలిసినవాళ్లకి ఇవ్వండి, మామూలు రిపేరు షాపులో ప్రయోగాలు వద్దు.

నా మాక్రో లెన్స్ చాలా ఖరీదైనది. అది పనికొస్తుందా?

ఖరీదు ఎక్కువైనకొద్దీ యూవీకి పనికిరాకపోవడమే మామూలు. ఆధునిక లెన్స్‌లలో ఎక్కువ గాజులు, వాటిని అతికించే జిగురు, మీద పొరలు పొరలుగా కోటింగ్ ఉంటాయి. ఇవన్నీ కలిసి యూవీని మింగేస్తాయి. యూవీ కోసమే చేసిన నిక్కోర్ 105 మిల్లీమీటర్ల లెన్స్ లాంటివి ఉన్నాయి గానీ వాటి ధర వింటే మనం మాట మారుస్తాం.

మన బడ్జెట్‌కి దారి పాత ఎన్‌లార్జర్ లెన్స్. నలుపు తెలుపు ఫోటోలు డార్క్‌రూమ్‌లో కడిగిన రోజుల్లో ప్రతి స్టూడియోలో ఇవి ఉండేవి. లోహపు ఒంటితో వచ్చిన పాత ఈఎల్-నిక్కోర్ 80 మిల్లీమీటర్లు, ఎఫ్/5.6 ఈ పనికి బాగా పేరున్నది. గవర్నర్‌పేటలో, అరండల్‌పేటలో పాత స్టూడియోల వాళ్లని మర్యాదగా అడిగి చూడండి, అటక మీద ఏదో ఒకటి ఉండొచ్చు. కొనే ముందు లెన్స్‌ని వెలుతురుకి ఎదురుగా పెట్టి ఫంగస్ ఉందేమో చూసుకోండి. మన కృష్ణాతీరం తేమకి ఫంగస్ పట్టని పాత లెన్స్ దొరకడమే అదృష్టం. ఇలాంటి లెన్స్‌లో ఫోకస్ తిప్పే ఏర్పాటు ఉండదు కాబట్టి అడాప్టర్‌తో పాటు హెలికాయిడ్ అనే సాగే గొట్టం కూడా కొనాలి.

యూవీ పోనిచ్చే నల్ల ఫిల్టర్లు ఆన్‌లైన్‌లో చవగ్గా ఉన్నాయి. కొనొచ్చా?

జడ్‌డబ్ల్యూబీ1, జడ్‌డబ్ల్యూబీ2 అనే పేర్లతో దొరికేవి నిజంగానే యూవీని పోనిస్తాయి. వాటితో చిక్కు ఇన్‌ఫ్రారెడ్. దాన్ని కూడా కొంత లీక్ చేస్తాయి. సెన్సర్‌కి యూవీ కంటే ఇన్‌ఫ్రారెడ్ అంటేనే ఎక్కువ చురుకు కాబట్టి, చిన్న లీకు కూడా ఫోటో మొత్తాన్ని ఆక్రమిస్తుంది. మీరు యూవీ ఫోటో అనుకునేది నిజానికి ఇన్‌ఫ్రారెడ్ ఫోటో అవుతుంది. దీనికి విరుగుడుగా బీజీ39 గానీ ఎస్8612 గానీ అనే ఇంకో ఫిల్టర్ గాజు జత చేయాలి, అవి ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపుతాయి. ఈ జతలు, మందాలు చూసుకునే ఓపిక లేకపోతే బాడర్ యూ ఫిల్టర్ ఒక్కటి కొనుక్కోవడం మేలు. ఖరీదే, కానీ లీకు బాధ ఉండదు. డబ్బు ఎక్కడైనా గట్టిగా పెట్టాల్సి వస్తే లెన్స్ మీద కాదు, ఫిల్టర్ మీద పెట్టండి.

ఇంట్లో వాటర్ ప్యూరిఫయర్‌లో యూవీ బల్బు ఉంది కదా, దాన్ని వాడుకోవచ్చా?

వద్దు. అది వదిలేది 254 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న యూవీసీ. సూక్ష్మజీవుల్ని చంపడానికి పెట్టింది. కంటికి, చర్మానికి హాని చేస్తుంది, మామూలు గాజు లెన్స్ గుండా పోదు కాబట్టి ఫోటోకీ పనికిరాదు. కోవిడ్ రోజుల్లో గదులు శుద్ధి చేయడానికి కొన్న యూవీసీ దీపాలకీ ఇదే జవాబు. మనకి కావలసింది యూవీఏ, 320 నుంచి 400 నానోమీటర్ల మధ్యది. అది ఎండలో కావలసినంత ఉంది.

నకిలీ నోట్లు చూసే యూవీ లైటు, 395 టార్చి లాంటివి పనికొస్తాయా?

మెరుపు ఫోటోలకి కొంతవరకు. 395 నానోమీటర్ల టార్చి యూవీతో పాటు ఊదారంగు వెలుగు కూడా చిమ్ముతుంది. అది పువ్వంతా పరుచుకుని అసలు మెరుపుని కప్పేస్తుంది. 365 నానోమీటర్లది, ముందు నల్లగాజు ఉన్నది తీసుకోండి. ఏ యూవీ టార్చినైనా సరే, కళ్లలోకి వేసుకోకూడదు. యూవీని ఆపే పాలీకార్బొనేట్ కళ్లద్దాలు పెట్టుకునే పని మొదలుపెట్టండి. పక్కన పిల్లలుంటే వాళ్లకీ పెట్టండి.

## అడవిలో, తోటలో

ఏ కాలంలో, ఏ టైంలో వెళ్లాలి?

వాండా వేసవిలో, వానలు మొదలయ్యేదాకా పూస్తుంది. నేల ఆర్కిడ్‌లలో ఎక్కువ వానల తర్వాత. సూర్యుడు నడినెత్తి మీద ఉన్నప్పుడు యూవీ ఎక్కువ కాబట్టి పదకొండు నుంచి రెండు లోపు మంచి సమయం. మామూలు ఫొటోగ్రాఫర్లు ఇంటికెళ్లి పడుకునే సమయమే మనది. అయితే మే నెలలో మన ఎండ 44, 45 డిగ్రీలు తాకుతుంది. మనిషికి వడదెబ్బ, సెన్సర్‌కి వేడి. సెన్సర్ వేడెక్కితే ఎక్కువసేపు ఇచ్చిన ఎక్స్‌పోజర్లలో చుక్కలు చుక్కలుగా నాయిస్ వస్తుంది. ఫోటోకీ ఫోటోకీ మధ్య కెమెరా ఆపి గొడుగు కింద పెట్టండి.

ఆకాశం కనిపించే నీడలో కూడా యూవీ బాగానే ఉంటుంది, గాలి దాన్ని నలుదిక్కులా చెదరగొడుతుంది కాబట్టి. గుబురు చెట్టు కింది నీడ మాత్రం దండగ. పైన ఉన్న ఆకులే యూవీని మింగేస్తాయి.

పువ్వు పైకొమ్మ మీద ఉంది. ఒక్క కొమ్మ కోసుకుని కిందకి తెచ్చుకుంటే?

కోయొద్దు. మొక్క ఎత్తున ఉంటే వేరే మొక్క వెతుక్కోండి, లేదా తోటవాళ్ల నిచ్చెన అడగండి. ఆర్కిడ్‌లు నిదానంగా పెరుగుతాయి, బెరడు మీద ఒకసారి ఊడిన వేరు మళ్లీ పట్టడం కష్టం. ఆర్కిడ్ కుటుంబం మొత్తం సైటీస్ (అరుదైన మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ) ఒప్పందం పరిధిలో ఉంది, రిజర్వు అడవిలో కోస్తే అటవీ చట్టం కింద నేరం కూడా.

రాత్రిపూట టార్చితో మెరుపు ఫోటోలకి కొండ ఎక్కొచ్చా?

అడవిలోకి రాత్రి అనుమతి ఉండదు, అడగడమూ అనవసరం. తోటలోనో ఇంటి పెరట్లోనో తీసుకోండి. అక్కడ కూడా కాళ్లకి బూట్లు ఉండాలి. యూవీ టార్చి వేస్తే తేళ్లు ఆకుపచ్చగా, నీలంగా వెలుగుతాయి కాబట్టి ముందే కనిపిస్తాయి. పాములు అలా వెలగవు, వాటికోసం మామూలు టార్చి కూడా ఉంచుకోండి. తెల్లచొక్కా వేసుకుని వెళ్లకండి. సబ్బుపొడిలో కలిపే మెరుపు రసాయనాలు యూవీకి నీలంగా వెలిగి ఆ నీలం పువ్వు మీద పడుతుంది.

## షట్టర్ నొక్కేటప్పుడు

కంటికి ఫోకస్ సరిగ్గా ఉంది, ఫోటో మాత్రం మసక. ఎందుకు?

యూవీ, మామూలు వెలుగు లెన్స్ గుండా ఒకేచోట కేంద్రీకృతం కావు. మామూలు వెలుగులో ఫోకస్ చేసి ఫిల్టర్ బిగిస్తే తప్పుతుంది. మిర్రర్‌లెస్ అయితే ఫిల్టర్ పెట్టాకే, తెర మీద పెద్దది చేసి చూస్తూ ఫోకస్ చేయండి. తెర మరీ చీకటిగా ఉంటే 365 టార్చి పువ్వు మీద వేసి ఫోకస్ పట్టుకుని, టార్చి ఆర్పేసి ఎండతోనే తీయండి. ఎఫ్/8 లేదా ఎఫ్/11 పెడితే మిగిలిన చిన్న తేడా కూడా సర్దుకుంటుంది.

ఎక్స్‌పోజర్ ఎంత ఇవ్వాలి? గాలికి పువ్వు ఊగుతోంది.

మంచి ఎండలో ఐఎస్‌ఓ 800, ఎఫ్/8 దగ్గర అర సెకనుతో మొదలుపెట్టి, హిస్టోగ్రామ్ (వెలుగు ఎంత పడిందో చూపే గ్రాఫు) చూస్తూ పెంచండి, తగ్గించండి. రంగుల వారీ హిస్టోగ్రామ్ చూడాలి. యూవీలో ఎరుపు భాగం ముందే నిండిపోతుంది, మొత్తం హిస్టోగ్రామ్‌లో ఆ సంగతి తెలియదు.

గాలికి మందు లేదు. అట్టముక్కతో గాలివాటు ఆపి, ఊపు ఆగిన క్షణం కోసం కాచుకోండి. పూలగుత్తి కాడని పక్కనే పాతిన పుల్లకి మెత్తటి దారంతో వదులుగా ఆనించవచ్చు, బిగించి కట్టకూడదు.

వైట్ బ్యాలెన్స్‌కి తెల్ల కాగితం వాడొచ్చా?

వైట్ బ్యాలెన్స్ అంటే ఏది తెలుపో కెమెరాకి చూపించడం. కాగితం యూవీలో తెల్లగా ఉండదు. అందులోని మెరుపు రసాయనాలు యూవీని పీల్చుకుంటాయి, ఫోటోలో అది మసిబారినట్టు వస్తుంది. ప్లంబర్లు పైపు మరలకు చుట్టే తెల్లటి టెఫ్లాన్ టేపు కొనండి. యూవీని దాదాపు అంతా, అన్ని తరంగాల్లోనూ సమానంగా వెనక్కి పంపుతుంది. పల్చన కాబట్టి చిన్న అట్టముక్క చుట్టూ చాలా పొరలు చుట్టాలి. ప్రతి పువ్వు దగ్గరా ఒక ఫోటో ఈ అట్టతో సహా తీయండి. ఈ సామాను మొత్తంలో అతి చవకైనది ఇదే, చాలామంది ఎగ్గొట్టేదీ ఇదే. ఈ అట్ట లేని యూవీ ఫోటోని ఇంకొకరి ఫోటోతో పోల్చడానికి కుదరదు.

## ఇంటికొచ్చాక

ఫోటో అంతా గులాబీరంగులో ఉంది. ఇందులో అసలు రంగు ఏది?

అసలు రంగంటూ ఏదీ లేదు. సెన్సర్ మీది ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలు యూవీని తలా ఇంత లీక్ చేయడంతో పుట్టిన రంగు అది. రా ఫైల్ (కెమెరా మార్పులు చేయకుండా దాచే ముడి ఫైల్) తీసి ఉంటే డార్క్‌టేబుల్, రాథెరపీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో టెఫ్లాన్ అట్ట మీద వైట్ బ్యాలెన్స్ పికర్ నొక్కండి. గులాబీ పోయి పసుపు, నీలం ఛాయలు వస్తాయి. అవీ కల్పిత రంగులే. నాకైతే నలుపు తెలుపులోకి మార్చడమే నిజాయితీగా అనిపిస్తుంది: ఎక్కడ పీల్చుకుందో అక్కడ నలుపు, ఎక్కడ వెనక్కి పంపిందో అక్కడ తెలుపు.

పక్కనున్న ఆకులు తెల్లగా మెరుస్తున్నాయి, బాగుంది కదా?

బాగోలేదు. పచ్చటి ఆకులు యూవీలో నల్లగా ఉండాలి. తెల్లగా వచ్చాయంటే ఇన్‌ఫ్రారెడ్ లీకు. ఆ ఫోటోలో పువ్వు గురించి ఏ నిర్ణయానికీ రావొద్దు. మరోసారి పరీక్షించాలంటే, 400 నానోమీటర్ల దాకా గట్టిగా ఆపే మంచి యూవీ నిరోధక ఫిల్టర్‌ని మీ నల్ల ఫిల్టర్ ముందు పెట్టి అదే ఎక్స్‌పోజర్‌తో తీయండి. ఫోటో మొత్తం చీకటిగా రావాలి. బొమ్మ కనిపిస్తే అదంతా లీకే.

ఏ జాతో తెలియడం లేదు. యూవీ ఫోటో చూసి ఎవరైనా చెప్పగలరా?

చెప్పలేరు. అందుకే ట్రైపాడ్ కదపకుండా అదే కోణంలో మామూలు రంగుల ఫోటో ఒకటి తప్పక తీయాలి. దాంతోపాటు పువ్వు వెనుకభాగం, పక్కనుంచి చూస్తే కనిపించే తేనెగొట్టం, ఆకులు, మొక్క మొత్తం, అది ఉన్న చెట్టు కూడా. ఫిల్టర్, లెన్స్, తేదీ, సమయం ఫైల్ పక్కనే రాసి ఉంచండి. ఐనాచురలిస్ట్‌లోనో ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లోనో పెడితే తెలిసినవాళ్లు చూస్తారు.

లొకేషన్ పెట్టొచ్చా?

జిల్లా పేరు వరకు చాలు. ఏ తోట, ఏ కొండ, ఎన్నో చెట్టు అనేది రాయొద్దు. వాండాని మందుల కోసం, పెరట్లో పెంచుకోవడం కోసం ఊడబీకేవాళ్లు ఉన్నారు. ఫోన్‌తో తీసిన ఫోటోల్లో జీపీఎస్ దానంతటదే ఎక్కుతుంది కాబట్టి పెట్టేముందు తీసేయండి. పోర్టల్‌లో లొకేషన్ మసకబరిచే ఆప్షన్ ఉంటుంది, అది నొక్కండి. తోట యజమాని పేరు, ఫోన్ నంబరు కూడా ఆయన్ని అడక్కుండా ఎక్కడా పెట్టకండి.